గీతకు జానెడు కింద

శ్రావణ సోమవారం. గాలి పడమర, మెల్లగా. ఇల్లు గీతకు జానెడు కింద.

గాలి ఎటు నుంచి వీస్తోందో, ఇల్లు ఎంత ఎత్తులో ఉందో రోజూ ఇంటి పుస్తకంలో రాయడం నీళ్ల పైన బుడగలకు వేలాడే ఇళ్ల ఊరు మా గాలిపేటలో ప్రతి ఇంటికీ ఉన్న పని. మా ఇంట్లో ఆ పని నాది. ఆ రెండు ముక్కలూ రాశాక మిగిలిన పేజీలో ఇంకేమీ రాయకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇవాళ్టి నుంచి నా గోడు కూడా రాస్తాను. కడుపులో మాట ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం సహించదు. సహించకపోయినా బాగుండేది, ఈ గొడవే వచ్చేది కాదు.

పొద్దున జమీలక్క ఎప్పట్లాగే మా ఇంటికి బయల్దేరింది. ఆమెది పక్కిల్లు. ఒక్కతే ఉంటుంది, మా ఇళ్ల వరసలో అందరి బట్టలూ కుడుతుంది. మోకాళ్లు పనిచేయడం మానేశాక చక్రాల కుర్చీలో తిరుగుతుంది. మా వరండాకూ ఆమె వరండాకూ మధ్య చెక్క పలక వేస్తే చాలు, చక్రాలు తోసుకుంటూ వచ్చేస్తుంది. ఇవాళ పలక మీదికి వచ్చీ రాగానే కుర్చీ దానంతటదే పరుగందుకుంది. ఎడ్లు లేని బండిలా వరండా దాటి, గడప దాటి, తిన్నగా వంటింట్లోకి వచ్చి నా దోసెల పిండి గిన్నెను గుద్దింది.

"యా అల్లా! నేను బతికే ఉన్నానా మల్లీ?" అంది తల మీద నుంచి పిండి కారుతుంటే.

"పెనం మీద పడితే దోసెవయ్యేదానివి," అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వు ఆగేసరికి వరస పెద్ద దానియేలు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వరసలోని ఇళ్లన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడటం ఆయన పని. ఆయన నవ్వలేదు. ఎవరింట్లో వాళ్లుండగా రెండిళ్ల మధ్య బెత్తెడు తేడా ఉంటే పలక వెయ్యొచ్చు, జానెడైతే వెయ్యకూడదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు.

"అమ్మా మల్లేశ్వరమ్మా, పలక తీసెయ్యండి. ఇంకో మాట కూడా జెప్పాల. కార్తీకం గాలులు రాకముందే కట్ల రోజుంది గదా, ఆ రోజుకి మీ ఇల్లు గీతకి రాకపోతే ఈ వరసలో నేను కట్టలేను. వెనక వరసకి మార్చాల్సొస్తది," అన్నారు.

తుఫాను గాలులకు ముందు వరసలోని ఇళ్లన్నిటినీ మోకులతో బిగించి ఒక్కటిగా కడతాం. ఒక ఇల్లు దిగి ఉంటే మోకు ఒకవైపే లాగి పక్కింటి బుడగను చింపుతుంది. ఆయన చెప్పింది న్యాయమే. కానీ వెనక వరసకూ మా వరసకూ మధ్య ఏ పలకా అందదు. అక్కడికి పోతే నేనూ జమీలక్కా తువ్వాళ్లు ఊపుకుంటూ బతకాలి. ఆమె జుట్టుకు అంటిన పిండి కడుగుతూ ఇద్దరం దోసెల సంగతే మాట్లాడుకున్నాం. ఆమెను ఇంటికి చేర్చాక పలక తీసేశాం.

మంగళవారం. గాలి పడమర. ఇల్లు జానెడు కిందే.

మా ఇల్లు ఎందుకు దిగిందో వరసలో అందరికీ తెలుసు. నా ముందు మాత్రం ఎవరూ అనరు, నా నోటికి భయపడి.

ప్రతి ఇంటికీ పైన బుడగ, కింద నీళ్లలోకి వేలాడే లావుపాటి గొలుసు ఉంటాయి. ఇంట్లో బరువు పెరిగితే ఇల్లు దిగి, గొలుసు ఇంకాస్త నీళ్ల అడుగున పరుచుకుంటుంది. బరువు తగ్గితే ఇల్లు లేచి, గొలుసు వెంట వస్తుంది. అందుకే గాలిపేటలో ఎవరింట్లోనూ కాటా ఉండదు. ఇల్లే కాటా. గుమ్మం పక్క స్తంభానికి ఎర్ర గీత ఉంటుంది, వరసలో మిగతా ఇళ్ల గీతలతో పోల్చి చూస్తే ఎవరెంత తిన్నారో ఊరికంతా తెలుస్తుంది. గీత అబద్ధమాడదు అనేది ఇక్కడ సామెత.

మా బుడగ పాతబడినప్పుడే ఇనప మంచం ఇచ్చేశాం, రుబ్బురోలును కింద పడవల రేవు కొట్టుకు దింపేశాం. ఇంకా తీసేయడానికి ఇంట్లో మిగిలింది మా ఆయన కోటయ్య. పేటలోని బుడగలకు అతుకులు వేసే పని ఆయనది. మనిషి చీపురుపుల్ల. నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడు, ఆ తిన్నది ఎటు పోతుందో భగవంతుడికే తెలియాలి. కాబట్టి పెరిగిన బరువు నాదే.

నిరుడు వరకూ పడవల నుంచి నీళ్ల బిందెలూ కూరల బుట్టలూ గిలక మీద నేనే లాగేదాన్ని. తర్వాత వరసలో ఇంటింటికీ గిలక మోటారు పెట్టారు. ఇప్పుడు మీట నొక్కితే బిందె తనే పైకొస్తుంది. మోటారు పెట్టిన కొత్తలో ఇల్లంతా గజగజ వణికేది, తర్వాత సర్దుకుంది. నేను మీట నొక్కి, బిందె వచ్చేదాకా ఏదో ఒకటి నములుతూ నిలబడేదాన్ని. ఏడాదిలో నా చేతులకు మిగిలిన పని ఆ నమలడానికి అందించడమే.

జమీలక్క తన వరండా నుంచి కేకేసింది. "మల్లీ! నువ్వు తగ్గాల. రేపు కాదు ఎల్లుండి గురువారం, మంచిరోజు. పొద్దున పడవ కూత యినపడగానే మొదలు. నేను లెక్కపెడతా."

"ఇంట్లోనా? ఇంత చోట్లో ఏం చెయ్యమంటావే?"

"గెంతు!"

గురువారం. గాలి లేదు. ఇల్లు జానెడు కిందే.

మొదటి రోజు వ్యాయామం. ఆ మాట రాయడానికే ఆయాసం వస్తోంది.

జమీలక్క తన వరండాలో కూర్చుని, కంచం మీద గరిటెతో కొడుతూ లెక్కపెట్టింది. ముందు గుంజీళ్లు. బళ్లో తీసినప్పుడు ఇంత కష్టంగా లేవు, అప్పుడు తప్పు చేసి తీశాను కాబట్టి కాబోలు. కూర్చోవడం సులువుగానే అయింది, లేవడానికే స్తంభాన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

"స్తంభం ఒదులు! నేను చూడట్లేదనుకుంటన్నావా?" అని అరిచింది.

తర్వాత తాడాట. అక్కడ మొదలైంది అసలు సంగతి. నేను గెంతగానే ఇల్లు దిగింది, నేను గాలిలో ఉండగా లేచింది, నేను కిందికి వచ్చేసరికి తనే నాకు ఎదురొచ్చింది. అలమారలో కంచాలు ఒక్కొక్కటే దూకాయి. కోటయ్య పాలగిన్నెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయాడు. ఇళ్లన్నీ వదులు తాళ్లతో కలిసి ఉంటాయి కదా, వరసంతా ఊగింది. మూడో ఇంటి నుంచి ఎవరో "భూకంపం!" అని కేక పెట్టారు. గాలిలో వేలాడేవాళ్లకు భూకంపం ఏమిటో!

జమీలక్క గరిటె పడేసి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది.

సాయంత్రం కోటయ్య "గొలుసు చూసొస్తా" అని నేల తలుపు తీసుకుని కిందికి దిగాడు. ఇంటి అడుగుకు నిచ్చెన అక్కడి నుంచే. ఆ తలుపులో నేను పట్టడం మానేసి చాలా రోజులైంది. రాత్రికి కాళ్లు నావి కావు. అయినా ఏదో సంతోషంగా ఉంది.

శ్రావణ శుక్రవారం. గాలి నైరుతి, చినుకులు. ఇల్లు జానెడు కిందే.

మానేయడానికి మనిషికి దొరికినన్ని సాకులు చేయడానికి దొరకవు. చినుకులు పడుతున్నాయి అన్నాను, నువ్వు గెంతేది ఇంట్లో అంది. తలనొప్పి అన్నాను, కాళ్లతో గదా గెంతేది అంది. ఇవాళ వ్రతం, పనుంది అంటే, "అమ్మవారు నీ గుంజీళ్లు అయ్యేదాకా ఆగుతదిలే," అంది.

ఈ వారం రోజుల్లో పద్ధతి ఒకటి కుదిరింది. పడవ కూత వినపడగానే గుంజీళ్లు. తర్వాత తాడాట. తర్వాత బుడగ తనిఖీ నిచ్చెన ఎక్కి దిగడం, చివర గోడకు చేతులానించి తోయడం. గోడ తోసేటప్పుడు ఇల్లు పక్కకు జరుగుతుంది, జమీలక్క ఇల్లు దగ్గరవుతుంది. అప్పుడు ఆమె చేయి చాచి నా వేళ్లు తాకాలని చూస్తుంది. ఒక్కసారి తాకింది కూడా.

మా ఇద్దరి వరండాల మధ్య చిన్న బుట్ట ఒకటి తాడు మీద నడుస్తుంది. ఇదివరకు అందులో నాకు కజ్జికాయలు వచ్చేవి. ఇప్పుడు మజ్జిగ వస్తోంది, అదీ ఉప్పు తక్కువగా.

భాద్రపదం, వినాయక చవితి. గాలి పడమర. ఇల్లు జానెడు కిందే.

ఉండ్రాళ్లు చేశాను. దేవుడికి ఇరవై ఒకటి పెట్టి, నేను రెండు తిని చేయి కడుక్కున్నాను. ఆయన బొజ్జ మోయడానికి ఎలుక ఉంది. నా బొజ్జ మోయడానికి ఈ అతుకుల బుడగ తప్ప ఏముంది? కోటయ్య మిగతావన్నీ తిని, వేలెడంత కూడా దిగకుండా గాలిలో తేలుతూ పనికి పోయాడు. కొందరి జాతకం అంతే.

గీత మాత్రం కదల్లేదు. పోయిన వారం పక్కకు వంగి లేవడం కూడా కలిపింది జమీలక్క. ఇల్లు పడవలా అటూ ఇటూ ఒరిగింది. రెండు రోజులకు సర్దుకుంది. మా ఇల్లు మంచిది, దేనికైనా అలవాటు పడుతుంది.

భాద్రపద బుధవారం. గాలి లేదు, ఉక్క. ఇల్లు జానెడు కిందే.

జాకెట్టు వదులైంది. బుట్టలో జమీలక్కకు పంపాను. పోయిన నెల కూడా పంపాను. ఆమె కుట్టు బిగిస్తూ అక్కణ్ణుంచే అడిగింది.

"నువ్వు తగ్గావేమో మల్లీ?"

"గీత చూడు. జానెడు కిందే ఉంది."

ఆమె తొంగి చూసి నిట్టూర్చింది. "అయితే గుడ్డ సాగుంటది. ఈ మధ్య పడవోళ్లు తెచ్చే గుడ్డంతా ఇట్టాగే ఉంటంది."

ఇద్దరం కలిసి ఆ గుడ్డలవాణ్ణి తిట్టాల్సినంత తిట్టాం. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అరిగిపోయి ఉంటాయి అనుకున్నాను. గీత అబద్ధమాడదు కదా.

ఆశ్వయుజం, దసరా మరునాడు. గాలి ఉత్తరానికి తిరుగుతోంది. ఇల్లు జానెడు మీద వేలెడు కింద.

ఇవాళ నవ్వే రోజు కాదు.

దానియేలు గారు నీటి గొట్టం తెచ్చి మట్టం చూశారు. ఒక కొస జమీలక్క స్తంభం దగ్గర, ఒక కొస మాది. రెండుసార్లు చూసి తల అడ్డంగా ఆడించారు.

"ఇంకో వేలెడు దిగిందమ్మా. కట్ల రోజు దగ్గరికొచ్చేసింది. వెనక వరసలో ఒక జాగా చూసి పెడతా. ఏం జెయ్యను, నాకు మాత్రం ఇష్టమా?" అన్నారు. పాపం, ఆయన గొంతు కూడా బాగోలేదు.

ఆయన వెళ్లాక దసరాకు చేసిన గారెలు మిగిలి ఉంటే గిన్నె ముందేసుకుని కూర్చున్నాను. రెండు నెలలకు పైగా ఒక్క పూట మానకుండా గెంతితే ఇంకో వేలెడు దిగిందా? నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ తిన్నాను. గారెలు బాగున్నాయి, అది ఇంకా బాధగా ఉంది.

పక్క వరండా నుంచి కంచం మోగింది. నేను లేవలేదు. మళ్లీ మోగింది.

"ఇంక నా వల్ల కాదు జమీలక్కా! నా ఒళ్లు రాయి. అది కరగదు. పోతాలే వెనక వరసకి!" అని అరిచాను.

గరిటె కంచంలో విసిరేసిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు వినిపించింది.

"పోతావా? పో. నీకు కోటయ్య ఉన్నాడు. నేనెవరితో మాట్లాడాల? కుట్టు మిషన్‌తోనా? పొద్దున లేచి నీ మొహం చూడకపోతే నాకు సూదిలో దారం ఎక్కదు. నువ్వు తగ్గినా తగ్గకపోయినా సరే, నా కళ్ల ముందు గెంతు. ఉన్నన్ని రోజులైనా గెంతు."

చేతిలో గారె గిన్నెలో పెట్టేశాను. నేను ఆమె కోసం గెంతుతున్నానని నాకు తెలుసు. ఆమె నన్ను చూడటం కోసమే ఇన్నాళ్లూ లెక్కపెడుతోందని ఇవాళే తెలిసింది.

కోటయ్య వచ్చి, గిన్నె పక్కకు జరిపి కూర్చున్నాడు. "నువ్వెట్టా ఉన్నా నాకు బానే ఉంటావే," అన్నాడు. ఆయన నోట అంత పెద్ద మాట రావడం పెళ్లయ్యాక ఇది రెండోసారి.

ఆశ్వయుజ శనివారం. గాలి ఉత్తరం. ఇల్లు ఎంత కిందుందో చూడలేదు.

మానేద్దామనే పడుకున్నాను. తెల్లారి పడవ కూత వినపడగానే కాళ్లు నన్నడక్కుండా లేచాయి. గుంజీళ్లు తీస్తుంటే గమనించాను, స్తంభం ఎప్పుడు వదిలేశానో నాకే గుర్తులేదు. నిచ్చెన మీద పాట పాడుకుంటూ ఎక్కాను. ఊపిరి ఆడుతోంది, పాటా ఆగలేదు. ఆకలి వేళకే వేస్తోంది, నిద్ర వేళకే పడుతోంది. వెనక వరసకు పోయినా సరే, ఇది మాత్రం వదలను. ఇలా అనుకున్నాక తాడాట ఎంత తేలిగ్గా ఉందో! ఎదుటి వరండాలో కంచం మీద దరువు మారింది, పెళ్లి మేళంలా కొట్టింది జమీలక్క.

ఆశ్వయుజ సోమవారం. గాలి ఉత్తరం. ఎత్తు సంగతి కింద రాస్తాను.

కోటయ్య పక్క వరసకు పనికి వెళ్లాడు. మధ్యాహ్నం ఇంటి కింద ఏదో టపటప కొట్టుకుంటున్న చప్పుడు. గొలుసుకు చెత్త పట్టుకుందేమో అనుకున్నాను. ఆయన వచ్చేదాకా ఆగుదామనుకుంటూనే నేల తలుపు తీసి తొంగి చూశాను. తల పట్టింది. భుజాలు పట్టాయి. ఊరికే చూద్దామని కాళ్లు దించాను. నడుము దగ్గర ఆగుతాననుకున్నాను. ఆగలేదు! జారి నిచ్చెన మీద నిలబడ్డాను. ఎన్నాళ్లయిందో ఆ తలుపులోంచి దిగి! ఆ సంతోషంలో ఎందుకు దిగానో మర్చిపోయాను.

తర్వాత కళ్లెత్తి ఇంటి అడుగు చూశాను. ఇసుక సంచులు. పందిరికి బీరకాయలు కాసినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇసుక సంచులు వేలాడుతున్నాయి. అందులో ఒకటి తాడు వదులై దూలానికి కొట్టుకుంటోంది.

నేను అక్కడే నిచ్చెన పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఇల్లు ఊగితే అడుగున నిలుపు సంచి కట్టడం ఇక్కడి మగవాళ్లకు చిన్నప్పటి నుంచి చేతుల్లో ఉండే విద్య. ఏడ్చే బిడ్డను ఒళ్లో వేసుకున్నట్టు, ఆలోచించి చేసే పని కాదు. ఇల్లు ఊగింది, సంచి కట్టు. అంతే.

పైకొచ్చి కూర్చున్నాను. కోటయ్య రాగానే అడిగాను.

"ఏమయ్యా, కింద ఆ సంచులేంటి?"

"ఏ సంచులు? ఓ, ఆ ఇసుక సంచులా? నువ్వు గెంతితే ఇల్లు ఊగింది. ఒకటి కట్టా. మళ్లీ ఊగింది, ఇంకోటి కట్టా. నువ్వేదో కొత్తది మొదలెట్టినప్పుడల్లా కడతానే ఉన్నా."

"ఇల్లు తేలికయ్యేకొద్దీ ఎక్కువ ఊగుతది. అవునా?"

"అవును. తేలికిల్లు ఊగక ఏం జేస్తది?"

"మరి నేను తగ్గితేనే గదా ఇల్లు తేలికయ్యేది?"

కోటయ్య నా వంక చూశాడు, స్తంభం మీది గీత వంక చూశాడు, నేల తలుపు వంక చూశాడు. పేటలోని బుడగలన్నిటి గుట్టూ తెలిసిన మనిషి అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన కోడిపిల్లలా నిలబడ్డాడు.

"నేను... నిలకడగా ఉంది గదా అని సంతోషపడ్డానే," అన్నాడు చిన్న గొంతుతో.

"ఒకటి మరీ పాతగా ఉంది. అదెప్పటిది?"

"అది మోటారు పెట్టినప్పటిది. ఇల్లు వణికిందని కట్టా."

నన్ను వరసంతా ఏడాదిగా చూసిన చూపులో ఒక సంచి బరువు నాది కాదన్నమాట! కోపం రావాలి. వచ్చింది కూడా, చారెడు. దాని వెనకే నవ్వొచ్చింది. ఇక ఆపుకోలేకపోయాను. కోటయ్య కూడా నవ్వాడు, ముందు భయంగా, తర్వాత నిజంగా. అన్ని సంచులు నేను కరిగించిన బరువే! వాటిని చూసినంత తృప్తిగా నేను ఏ నగనూ చూసుకోలేదు.

"జమీలక్కా!" అని వరండాలోకి పరిగెత్తి అంతా చెప్పాను.

ఆమె మొత్తం విని, గట్టిగా అంది. "ఆ గుడ్డలోణ్ణి ఊరికే తిట్టాం గదే!"

ఇక్కడ మేం ఇంకో తెలివితక్కువ పని చేశాం. సంచులు ఒక్కొక్కటే విప్పి, గీత చూసుకుంటూ పోవాలి. ఆ పూట మా ఇద్దరికీ ఆగే ఓపిక ఎక్కడిది? కోటయ్య ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి టపటపా విప్పేశాం. సంచులు నీళ్లలో దభీదభీమని పడుతున్నాయి. ఇల్లు నీళ్లలో ముంచి వదిలిన బెండులా లేచింది. మేమిద్దరం నిచ్చెనను కావలించుకుని కేకలు పెట్టాం. అది ఆగి, ఊగి, కుదుటపడ్డాక చూస్తే, జమీలక్క వరండా మాకు కింద ఉంది.

ఇల్లు గీతకు జానెడు పైన.

మంగళవారం. గాలి ఈశాన్యం, మబ్బు. ఇల్లు జానెడు పైన ఉండి, సాయంత్రానికి బెత్తెడు పైన.

దానియేలు గారు పొద్దున్నే వచ్చి తల పట్టుకున్నారు.

"నిన్నటిదాకా దిగి ఏడిపించారు, ఇయ్యాళ లేచి ఏడిపిస్తన్నారా? పైకున్నా అదే తంటా గదమ్మా, మోకు ఆగదు. రెండు సంచులు మళ్లీ కట్టెయ్యండి."

"కట్టను," అన్నాను.

"అయ్యో, ఎందుకు?"

"ఇసుక కోసం నేను చెమటోడ్చలేదు దానియేలు గారూ. నా ఇంటికి బరువే కావాలంటే అక్కరకొచ్చే బరువు పెట్టుకుంటా. రేవు కొట్టులో నా రుబ్బురోలుంది."

ఆయన కోటయ్య వంక చూశారు. కోటయ్య ఆకాశం వంక చూశాడు. కాసేపటికి దానియేలు గారి మీసం కింద నవ్వు కదిలింది.

రోలును గిలక మీద నేనే చేత్తో లాగాను. మోటారు వేస్తే ఇల్లు వణుకుతుంది, వణికితే కోటయ్య చేతులు ఊరుకోవు. సగం దూరం వచ్చాక కోటయ్య సాయానికి రాబోతే మోచేత్తో నెట్టేశాను. వరసలో వాళ్లంతా వరండాల్లోకి వచ్చి చూశారు. రోలు వంటింట్లో కూర్చోగానే ఇల్లు దిగి, గీతకు బెత్తెడు పైన ఆగింది. నీటి గొట్టం పట్టి చూసి దానియేలు గారు "చాలు" అన్నారు.

"ఇక రోజూ రుబ్బడం కూడా కలిపేద్దాం. ఒకటీ, రెండూ," అంది జమీలక్క పక్క వరండా నుంచి.

కట్ల రోజు. గాలి ఈశాన్యం, పెరుగుతోంది.

దానియేలు గారు పొద్దున గీతలన్నీ చూసి మా వరసలో ఇళ్లన్నిటికీ సరే అన్నారు. సాయంత్రం మోకులు బిగిస్తారు. అంతవరకూ పలక వేసుకోవచ్చు.

పలక వేశాం. మా వైపు బెత్తెడు ఎత్తు. జమీలక్క ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, కుర్చీ పలక అంచుకు తెచ్చి ఆగింది. చక్రాల మీద ఆమె చేతులు బిగుసుకున్నాయి. పోయినసారి సంగతి ఆమె నవ్వుతూ చెప్పినా లోపల భయం ఉందని నాకు అప్పుడే అర్థమైంది. కుర్చీకి తాడు కట్టి కొస నా చేతికి చుట్టుకున్నాను.

"నువ్వు తొయ్యక్కా. నేను లాగుతా. జారవు."

"జారితే?"

"జారితే నేనుండేది ఇక్కడే గదా."

ఆమె తోసింది. నేను లాగాను. చేతులు ఒకదాని తర్వాత ఒకటి, బిందెలు లాగిన రోజుల్లోలా హాయిగా పనిచేశాయి. ఆమె అక్కణ్ణుంచి కదిలేకొద్దీ ఆమె ఇల్లు మెల్లగా లేస్తోంది. ఇటు వచ్చేకొద్దీ మా ఇల్లు మెల్లగా దిగుతోంది. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి పలక చాప పరిచినట్టు చదునుగా అయిపోయింది.

"ఆగు మల్లీ," అంది.

ఆగాను. కింద నీళ్ల మీద పడవలు, పైన మా బుడగలు. ఆమె చక్రాల మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. కుర్చీ ఎటూ జారలేదు. చుట్టూ ఒకసారి చూసుకుంది. కళ్లు నిండుగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది.

"కదలండమ్మా, నాకింకా కట్లున్నాయి!" అని దానియేలు గారు అరిచారు.

"మూడు నెలలాగాను, మీరు రెండు నిమిషాలాగలేరా?" అని తిరిగి అరిచింది జమీలక్క.

వరసంతా నవ్వింది. ఆమెకు తనివి తీరేదాకా ఆగాం. తర్వాత ఆమె తల ఊపింది, నేను మళ్లీ తాడందుకున్నాను. ఇటు సగం పల్లం కాబట్టి ఇప్పుడు లాగడం కాదు, ఒక అడుగు ముందుకేసి తాడుతో పాటు కుర్చీ చేతులు పట్టుకుని నా ఒంటితో ఆపుకుంటూ తెచ్చాను. చక్రాలు మా వరండా నేలను తాకాయి. ఆమె బరువుకు ఇల్లు నా అరికాళ్ల కింద నెమ్మదిగా దిగింది. ఏడాదిగా ఇల్లు వేలెడు దిగితే గుండె ఆగినంత పనయ్యేది. ఇవాళ అది దిగుతూ ఉంటే, ఇంకా దిగు, ఇంకా దిగు అనుకుంటూ జమీలక్కను రెండు చేతులా వాటేసుకున్నాను.